మన ఇంటి గ్యాంగు లీడరు

రాత్రి పది దాటాక, మూసిన గది తలుపు వెనుకనుంచి “ఈవేళ మన గ్యాంగులో ఎంతమంది వస్తున్నారు? బండి ఎవరు తోలుతారు? పోలీసులు వస్తే మాట్లాడేదెవరు?” అన్న మాటలు చెవిన పడితే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. అది హోసూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా ఒకటే. తీరా తలుపు తోసి చూస్తే లోపల పిల్లవాడొక్కడే ఉంటాడు. చెవులకు హెడ్‌ఫోను, ముందు కంప్యూటరు, తెర మీద ఎక్కడిదో ఒక మహానగరం. ఆ నగరంలో మనవాడు ఒక ముఠాకు నాయకుడు!

చూడగానే భయపడే తల్లిదండ్రులున్నారు. “ఏదో ఆటలే” అని ఊరుకునేవారూ ఉన్నారు. లోపల జరుగుతున్నదేమిటో తెలియకపోతే భయమూ ధీమా రెండూ గుడ్డివే. అందుకని ఈ వేషాల నగరం సంగతి, అందులో ముఠా నడపడమంటే ఏమిటన్న సంగతి కాస్త నిదానంగా చూద్దాం.

ఈ నగరం ఎక్కడిది?

ఒక పాత్రను ఊహించుకుని, ఆ పాత్రగా మాట్లాడుతూ కథ నడిపించుకునే ఆటలు ఇవాళ పుట్టినవి కావు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేశారు. దానికి బల్ల, కాగితం, పాచికలు, నలుగురు మనుషులు ఉంటే చాలు. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 1978లో ‘మడ్’ అనే ఆటను కంప్యూటరులోకి తెచ్చారు. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అయినా ఒకే ఊహాలోకంలో పలువురు ఒకేసారి తిరిగే వీలు దానితో కలిగింది.

2004లో రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ అనే ఆటను విడుదల చేసింది. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని పోలిన ‘లాస్ శాంటోస్’ అనే కల్పిత నగరం అందులో ఉంది. ఆకుపచ్చ దుస్తుల గ్రోవ్ స్ట్రీట్‌వాళ్ళు, ఊదారంగు బల్లాస్, పసుపురంగు వాగోస్ అనే ముఠాలను ఆ ఆట తయారుచేసినవాళ్ళే పెట్టారు. అది ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆట. కానీ అభిమానులు కొందరు దానికి సొంతంగా మార్పులు చేసి, పలువురు కలిసి ఆడుకునేలా మలిచారు. నలుగురు చేరాక వట్టి కాల్పులతో తృప్తి కలగలేదు. “నేను టాక్సీ తోలుతాను, నువ్వు డాక్టరువి, వాడు పోలీసు” అంటూ వేషాలు మొదలయ్యాయి.

అదే లాస్ శాంటోస్ మరింత పెద్దదై 2013లో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’గా వచ్చింది. ఇప్పటికి 20 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైన ఆట అది. దీనికి ‘ఫైవ్ ఎం’ అనే పొడిగింపును బయటి అభిమానులు తయారుచేశారు. దానితో ఎవరైనా సొంత సర్వరు పెట్టుకుని, అందులో సొంత చట్టాలు, సొంత ఉద్యోగాలు, సొంత కథలు నడుపుకోవచ్చు. 2015లో రాక్‌స్టార్ సంస్థకు ఇది నచ్చలేదు. తయారుచేసినవారి ఖాతాలను మూసివేసింది. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. 2023 ఆగస్టులో అదే సంస్థ ఆ బృందాన్ని తనలో కలుపుకుంది. వద్దని తరిమినవారినే పిలిచి పీట వేసిందన్నమాట.

ఇటువంటి సర్వర్లలో ‘నోపిక్సెల్’ ప్రపంచమంతటా పేరు పొందింది. దానిలో చేరాలంటే తాను వేయబోయే పాత్ర గురించి దరఖాస్తు రాసి, నిర్వాహకుల ఆమోదం పొందాలి. మన దేశంలోనూ హిందీ, తమిళం, మలయాళం, తెలుగు మాట్లాడుకునే సర్వర్లు వెలిశాయి.

పగటి వేషాల ధర్మం

మన పెద్దలకు పగటి వేషాలు తెలియనివి కావు. వేషగాళ్ళు ఊళ్ళోకి దిగి రోజుకొక వేషం కట్టేవారు. ఒకనాడు కోమటి, ఒకనాడు పఠాను, ఒకనాడు అర్ధనారీశ్వరుడు. వేషం మీద ఉన్నంతసేపు వేషగాడు పాత్రను విడిచిపెట్టడు. చివరిరోజున అసలు మనిషిగా వచ్చి ఊరివారి దగ్గర సంభావన తీసుకుంటాడు. రంగస్థలం లేదు, తెర లేదు, ఊరే రంగస్థలం. ఈ ఆట కూడా దాదాపు అంతే. దీని నియమాలు చూస్తే ఆ పోలిక ఇంకా బాగా తెలుస్తుంది.

మొదటి నియమం, పాత్ర వేరు, మనిషి వేరు. ఆటగాడికి తెలిసినదల్లా పాత్రకు తెలిసినట్టు కాదు. ఎదుటి ముఠా ఎక్కడ దాక్కుందో స్నేహితుడు ఫోనులో చెప్పాడనుకోండి. ఆ సంగతి పాత్రకు తెలియదు కాబట్టి దాన్ని వాడుకోకూడదు. వాడుకుంటే దాన్ని ‘మెటాగేమింగ్’ అంటారు, అది నేరం. రెండవది, ఎదుటివారికి బదులు చెప్పే అవకాశం లేకుండా తనకు తానే గెలుపు రాసేసుకోకూడదు. దీన్ని ‘పవర్ గేమింగ్’ అంటారు. మూడవది, ప్రాణం మీద తీపి ఉండాలి. ముగ్గురు తుపాకులు గురిపెడితే పాత్ర చేతులెత్తాలి. “ఆటేగదా, చస్తే మళ్ళీ లేస్తాను” అనుకుని ఎగిరి దూకకూడదు. నాలుగవది, కారణం లేకుండా ఎవరినీ చంపకూడదు. ఐదవది, పాత్ర దెబ్బతిని పడిపోయి మళ్ళీ లేచాక, తనను పడగొట్టిన ఘటన దానికి గుర్తుండదు. ఆ పగతో వెంటనే తిరిగి రాకూడదు.

సర్వరును బట్టి ఈ నియమాలలో తేడాలున్నా మూలం మాత్రం ఇదే. పైకి నేరాల నగరంలా కనిపించే చోట ఇంత కట్టుబాటు ఉంటుందని బయటివారికి తెలియదు.

ముఠా కట్టడం

శాన్ ఆండ్రియాస్ ఆటలో ముఠాలు ముందే సిద్ధంగా ఉండేవి. ఇక్కడ అలా కాదు. ఆటగాళ్ళే ముఠాలు కడతారు, వారే నడుపుతారు, వారే కూలుస్తారు. చాలా సర్వర్లలో “మాకొక ముఠా కావాలి” అని అడగ్గానే ఇవ్వరు. ముందు నలుగురైదుగురు కలిసి కొన్ని వారాలపాటు తిరగాలి. వారి మధ్య ఒక కథ పుట్టాలి. ఒక గల్లీకి చెందినవారో, ఒకే గ్యారేజీలో పనిచేసినవారో, దేశం వదిలి వచ్చిన అన్నదమ్ములో, ఏదో ఒక కారణం కనబడాలి. నిర్వాహకులు చూసి, ఈ గుంపు వల్ల మిగతా ఊరికి కథ దొరుకుతుందని తోస్తేనే గుర్తింపునిస్తారు. గుర్తింపు వచ్చాక ఒక రంగు, ఒక చోటు, ఒక చిన్న వ్యాపారం దక్కుతాయి. సభ్యుల సంఖ్యకు చాలాచోట్ల పరిమితి ఉంటుంది. పరిమితి లేకపోతే బలమైన ముఠా ఊరంతా మింగేస్తుంది, తరువాత ఆడటానికి ఎవరూ మిగలరు.

ఇక నాయకుడి పని మొదలవుతుంది. ఇది తుపాకీ పట్టే పని అనుకుంటే పొరపాటు. చాలావరకు ఇది పెళ్ళిపందిట్లో పెత్తనం లాంటిది. ఎవరు ఏ వేళకు వస్తారు, ఎవరికి పరీక్షలున్నాయి, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, కొత్తగా చేరినవాడు మూలన నిలబడి విసుగుపడుతున్నాడా, ఇవన్నీ చూసుకోవాలి. కొత్తవాడిని వెంటనే ముఠాలో కలపరు. కొన్నాళ్ళు వెంట తిప్పుకుంటారు. చిన్న పని అప్పజెప్పి, మాట నిలబెట్టుకుంటాడా లేదా అని చూస్తారు. ఆ తరువాత ఒక మెట్టు, ఇంకొక మెట్టు. ముఠా సొమ్ము ఎవరి దగ్గర ఉండాలో, బండ్ల తాళాలు ఎవరికి ఇవ్వాలో తేల్చాలి. ఒకడు మోసం చేసి సొమ్ముతో పారిపోతే అది పాత్ర చేసిన పనా, మనిషి చేసిన పనా అన్నది విడదీసి చూడాలి. పాత్ర చేసిన ద్రోహమైతే కథకు మంచి మలుపు. మనిషి కక్షతో చేసిందైతే ముఠాకు చీడ.

ఒక చిన్న ఉదాహరణ అనుకుందాం. రెండు ముఠాల మధ్య ఒక వీధి గురించి తగవు వచ్చింది. చేతగాని నాయకుడు ఆ రాత్రే పదిమందిని తీసుకెళ్ళి కాల్పులు జరుపుతాడు. పది నిమిషాల్లో అంతా ముగుస్తుంది, మరునాడు చెప్పుకోవడానికేమీ ఉండదు. తెలిసిన నాయకుడు ముందు ఒక మనిషిని పంపుతాడు. “అన్నా, మా వీధిలో మీవాళ్ళు బండి ఆపారట, సంగతేమిటి?” అని అడిగిస్తాడు. అవతలివాడు మాట తప్పుతాడు. ఒక మధ్యవర్తి వస్తాడు. ఒక సంధి కుదురుతుంది, అది చెడిపోతుంది. అప్పుడు జరిగే ఘర్షణకు అర్థం ఉంటుంది. ఈ రెండు వారాలూ రెండు ముఠాల్లోని ఇరవైమందికీ పని ఉంటుంది, ఊళ్ళోని డాక్టర్లకు, పోలీసులకు, హోటలు నడిపేవాడికి కూడా. పోలీసులంటే యంత్రాలు కారు, వాళ్ళూ ఎక్కడో ఒక ఇంట్లో కూర్చున్న మనుషులే.

ఇదంతా జరగాలంటే ఒకరు ఓడిపోవాలి. ఇక్కడే ఈ ఆట అసలు రహస్యం ఉంది. ఓడటానికి సిద్ధపడని ముఠాతో ఎవరూ ఆడరు. “మనవాడు ఈసారి దొరికిపోతాడు, జైలుకు వెళతాడు, దానివల్ల మనకొక నెల కథ దొరుకుతుంది” అని ఆలోచించగలిగినవాడే మంచి నాయకుడు. శత్రువు కూడా రేపు తిరిగి రావాలని కోరుకునేవాడు అతడు. కథ బాగా ముదిరాక, ఇద్దరి ఒప్పుదలతో ఒక పాత్రను శాశ్వతంగా చంపేయడం కూడా ఉంటుంది. ఏడాదిపాటు మోసిన వేషాన్ని అలా విడిచిపెట్టే రోజున ఆటగాళ్ళు నిజంగానే కంటతడి పెట్టుకోవడం ఉంది.

ముఠాలు ఎందుకు కూలుతాయి?

ముఠాలను పోలీసులు కూల్చేది తక్కువ. అవి లోపలినుంచే కూలుతాయి. నాయకుడు తన ముగ్గురు స్నేహితులకే మంచి పనులన్నీ ఇస్తాడు. మిగిలినవాళ్ళు బండి దగ్గర కాపలా కాసి కాసి విసిగిపోతారు. లేదా నాయకుడు ప్రతిదీ తానే చేయాలనుకుంటాడు. అతడు రాని రాత్రి ఎవరికీ ఏం చేయాలో తోచదు. లేదా పాత్రల మధ్య తిట్లు మనుషుల మధ్యకు పాకుతాయి. ఆట మూసేశాక కూడా డిస్కార్డులో ఆ వాదులాట కొనసాగుతుంది. మరొకటి, నాయకుడికి ఉద్యోగం వస్తుంది, పెళ్ళవుతుంది, తీరిక ఉండదు. పగ్గాలు ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పదు. ఏడాదిలో కట్టినది నెలలో చెదిరిపోతుంది.

ఈ నాలుగు కారణాలూ చదువుతుంటే మీకు ఇంకేదైనా గుర్తుకొస్తోందా? పరాయి రాష్ట్రంలో తెలుగు సంఘం నడిపిన ఎవరికైనా రావాలి. ఆ సంగతికి మళ్ళీ వద్దాం.

భయపడవలసినవి, అక్కరలేనివి

దుష్టపాత్ర వేస్తే పిల్లవాడు దుష్టుడైపోతాడన్న భయం ముందు తీరాలి. మన బయటి తెలుగువారికి బళ్ళారి రాఘవకంటె మంచి సాక్ష్యం ఎందుకు? 1880లో పుట్టి 1946లో పోయిన ఆ మహానటుడు వృత్తికి న్యాయవాది. దుర్యోధనుడుగా, హిరణ్యకశిపుడుగా ఆయన జనాన్ని గడగడలాడించాడు. అందువల్ల ఆయన దుర్మార్గుడు కాలేదు. వేషం తీసేయడం తెలిసినవాడికి వేషం వల్ల హాని లేదు.

అయితే నిజమైన జాగ్రత్తలూ కొన్ని ఉన్నాయి.

మొదటిది వయసు. ఈ ఆట పెద్దలది. అమెరికాలో 17 ఏళ్ళు, ఐరోపాలో 18 ఏళ్ళు దాటినవారికని దానిమీద ముద్ర ఉంది. చాలా సర్వర్లు 18 నిండనివారిని రానివ్వమంటాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు వయసు దాచి చేరితే, తాను వినకూడని మాటలు వింటాడు.

రెండవది నిద్ర. పదిమంది కోసం నాయకుడు రాత్రి రెండింటిదాకా కూర్చోవలసి వస్తుంది. “నేను లేకపోతే వాళ్ళేం చేస్తారు?” అన్న బాధ్యతే అతడిని కట్టేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కుపోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాదిపాటు ఇలా సాగితేనే ఆ పేరు పెడతారు. రెండు రాత్రులు ఆలస్యంగా పడుకున్నంత మాత్రాన పిల్లవాడిని రోగిని చేయనక్కరలేదు.

మూడవది డబ్బు. 2022 నవంబరులో రాక్‌స్టార్ సంస్థ ఒక ప్రకటన చేసింది. ఇటువంటి సర్వర్లలో అసలు డబ్బు తీసుకుని అదృష్టం పెట్టెలు అమ్మడం, ఆటలోని సొమ్మును అమ్మడం, క్రిప్టో వ్యవహారాలు నడపడం కూడదని చెప్పింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధించేది. కాబట్టి ఎవరైనా “ఇంత పంపు, నీకు ఆటలో అంత సొమ్ము ఇస్తాం” అంటే అది సరైన చోటు కాదని తెలుసుకోవాలి.

నాలుగవది, ఇది దేని నకలో మరిచిపోకూడదు. లాస్ ఏంజిలిస్‌లో నిజం ముఠాలు నిజం ప్రాణాలు తీశాయి. 1992లో అక్కడి వాట్స్ ప్రాంతంలో క్రిప్స్, బ్లడ్స్ ముఠాలవారు సంధి చేసుకునేదాకా ఎన్ని ఇళ్ళలో ఏడుపులు వినబడ్డాయో! ఆ సంధితోనూ చావులు ఆగిపోలేదు. వేషం వేసేవాడికి ఆ బరువు తెలిసి ఉంటే వేషానికే అందం.

మన భాష సంగతి

ఈ ఆట బొత్తాలతో కాదు, నోటితో నడుస్తుంది. బేరమాడాలన్నా, బెదిరించాలన్నా, బతిమాలాలన్నా మాటే ఆయుధం. తెలుగు సర్వరులో చేరిన పిల్లవాడు బెంగుళూరు బడిలో కన్నడమో ఇంగ్లీషో చదివినా, అక్కడ తెలుగులో వాదించక తప్పదు. వీధి తగవు తీర్చే మధ్యవర్తికి మర్యాద మాట రావాలి, ఎత్తిపొడుపు రావాలి, సామెత ఒకటి రావాలి. హోసూరు యాస, బరంపురం యాస, గుంటూరు యాస ఒకచోట కలుస్తాయి. ఇంట్లో మనం “తెలుగులో మాట్లాడరా” అని పోరితే రానిది, అవసరం పడితే వస్తుంది. ఆ తెలుగులో బూతులూ ఉంటాయి, ఇంగ్లీషూ కలుస్తుంది. అయినా అది నోట నలుగుతున్న తెలుగు.

మన సంఘాలకు ఒక మాట

ఇప్పుడు ఇందాక వదిలేసిన సంగతికి వద్దాం. మన సంఘాలలో పదిహేనేళ్ళుగా ఒకరే అధ్యక్షులు. ఉగాదికి వేదిక మీద పెద్దలు, కింద కుర్చీలు వేయడానికి కుర్రవాళ్ళు. “యువత రావడం లేదు” అని ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ తీర్మానం లాంటి విచారం. రాని ఆ యువకుడే రాత్రిళ్ళు పదిహేనుమందిని కూడగట్టి, పనులు పంచి, అలిగినవాడిని బుజ్జగించి, డబ్బు లెక్క రాసి, శత్రువుతో సంధి మాట్లాడుతున్నాడు. అతడికి చేతకాక కాదు, మనం పని ఇవ్వక.

ఆ ముఠాలో కొత్తవాడికి మొదటివారమే ఒక పని దొరుకుతుంది. మన సంఘంలో కొత్తగా వచ్చిన కుటుంబానికి రసీదు పుస్తకం తప్ప మరొకటి దొరుకుతుందా? ఆ ముఠాలో నాయకుడు అప్పుడప్పుడు ఓడిపోయి మరొకరిని ముందుకు తెస్తాడు. మన పెద్దల్లో ఎందరు అలా పక్కకు తప్పుకున్నారు? ఈ ప్రశ్నలు ఎవరినీ నొప్పించడానికి కాదు. తాళాలు ఇచ్చేస్తే సంఘం మన చేయి దాటిపోతుందేమోనన్న బెంగ అందరికీ ఉంటుంది. ఇవ్వకపోతే తాళాలు మిగులుతాయి, తెరిచేవారు మిగలరు.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడిని కేకలేసే ముందు పక్కన కుర్చీ వేసుకుని ఒక గంట కూర్చోండి. “నీ పాత్ర పేరేమిటి? మీ ముఠాకు ఆ చోటు ఎలా వచ్చింది? మీలో ఎవరైనా అలిగితే ఏం చేస్తావు? నువ్వు మానేస్తే ఎవరు నడుపుతారు?” అని అడగండి. జవాబులు చెప్పగలిగితే అతడు ఏదో నేర్చుకుంటున్నట్టే. చెప్పలేక చిరాకు పడితే, నిద్ర, చదువు, డబ్బు ఈ మూడింటి లెక్కా చూడవలసిన వేళ వచ్చినట్టే. ఏ రాత్రి ఎంతసేపో అతడినే రాసి గోడకు అంటించమనండి. పదిహేనుమందికి వేళలు కట్టేవాడు తన వేళ కట్టుకోలేడా?

సంఘం పెద్దలకు మరొక మనవి. ఈసారి సంక్రాంతి సంబరాలలో ఒక పూట కార్యక్రమం పూర్తిగా ఇరవై ఏళ్ళవారికి అప్పగించండి. ఖర్చుతో సహా, తప్పులతో సహా. మధ్యలో మైకు లాక్కోకండి. వాళ్ళు ఒక వీధినాటకం వేస్తారో, పగటి వేషాలనే కొత్తగా కడతారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. కుర్చీలు ఆ పూట మనం వేద్దాం.